ఇంగ్లిష్‌లో ‘టూ’ ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్‌లో ‘టూ’ మూడక్షరాల మాట. టీ ఒకటి, ఓలు రెండు. స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు, క్లయింట్లకు మెయిల్స్ రాసేవాళ్లు, హైస్కూలు పిల్లలకు గ్రామర్ చెప్పే తల్లిదండ్రులు దీని గురించి తరచుగా అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ‘టూ’ దగ్గర తప్పు జరిగితే వాక్యం అందం చెడటంతో ఆగదు, అర్థమే తిరగబడుతుంది. అందుకే ఇంత చిన్న మాటకు ఇంత పెద్ద పేజీ. ఉదాహరణలన్నీ చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే రాశాను.

‘వెరీ’కి, ‘టూ’కి తేడా ఏమిటి?

‘వెరీ’ అంటే చాలా. ‘టూ’ అంటే మరీ.

“ద టీ ఈజ్ వెరీ హాట్” అంటే టీ చాలా వేడిగా ఉంది. ఊదుకుంటూ తాగొచ్చు, కొందరికి అలా ఉంటేనే ఇష్టం. “ద టీ ఈజ్ టూ హాట్” అంటే టీ మరీ వేడిగా ఉంది, కాసేపు ఆగితే తప్ప తాగలేం. మొదటి వాక్యం వేడి ఎంత ఉందో చెప్పి ఊరుకుంది. రెండోది ఆ వేడి హద్దు దాటిందని చెప్పింది.

‘టూ’ వెనక ఎప్పుడూ ఒక హద్దు ఉంటుంది. ఒక్కోసారి దాన్ని పైకి చెబుతాం, ఒక్కోసారి చెప్పం. కానీ అది లేకుండా మాత్రం ‘టూ’ ఉండదు. కాబట్టి ‘టూ’ అనబోయే ముందు “దేనికి ఎక్కువైంది?” అని మిమ్మల్ని మీరు అడగండి. జవాబు ఉంటే ‘టూ’ వాడండి, లేకపోతే ‘వెరీ’ చాలు. అద్దె ఇల్లు చూసి వచ్చి “ద రెంట్ ఈజ్ వెరీ హై” అంటే ఇంకా ఆలోచిస్తున్నారన్నమాట. “ద రెంట్ ఈజ్ టూ హై” అంటే ఆ ఇల్లు మనకు కుదరదని తేల్చేసినట్టే. ఈ పేజీలో మిగతాదంతా దాదాపుగా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది.

తెలుగులో దీనికి సరిపోయే మాట ‘మరీ’ ఒక్కటేనా?

ఒక్కటే కాదు, కానీ అన్నిటికంటే దగ్గరిది అదే. ‘మరీ చిన్నది’, ‘మరీ ఆలస్యం’, ‘మరీ మంచివాడు’ అన్నప్పుడు ఇంగ్లిష్ ‘టూ’ చేసే పనే ‘మరీ’ చేస్తోంది. ‘మరీ మంచివాడు’ అనేది పొగడ్తలా మొదలైనా, అంత మంచితనం పనికిరాదన్న మాట దాని వెనకే వస్తుంది.

‘అతి’తో కాస్త జాగ్రత్త. ‘అతి వినయం ధూర్త లక్షణం’ అన్నప్పుడు అది ‘టూ’. ‘అతి పెద్ద జలాశయం’, ‘అతి త్వరలో’ అన్నప్పుడు కాదు. మొదటిది ‘అన్నిటికంటే పెద్ద’, రెండోది ‘చాలా త్వరగా’. అందుకని ‘అతి’ని కళ్లు మూసుకుని ‘టూ’గా మార్చకూడదు.

ఇంకొక రూపం ఉంది, దాన్ని మనవాళ్లు గుర్తించరు: ‘-లేనంత’. ‘నడవలేనంత నీరసం’, ‘మోయలేనంత బరువు’, ‘తాగలేనంత వేడి’. ఇంగ్లిష్‌లో ‘టూ వీక్ టు వాక్’, ‘టూ హెవీ టు క్యారీ’, ‘టూ హాట్ టు డ్రింక్’ అనేవి సరిగ్గా ఇవే. ఇక ఈ తరం మాటల్లో ‘ఓవర్’ కూడా ఇదే పని చేస్తోంది. ‘ఓవర్ చేయకు’ అంటే హద్దు దాటకు అనే.

“ద మూవీ ఈజ్ టూ గుడ్” అని మనమంతా అంటాం కదా, అది తప్పా?

మన దేశంలో ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరు. హైదరాబాద్‌లోనైనా, బెంగళూరులోనైనా, ముంబైలోనైనా ‘టూ గుడ్’ అంటే అదిరిపోయింది అనే. స్నేహితులతో, వాట్సాప్‌లో అలా అంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. భాష నలుగురూ వాడే తీరును బట్టి నడుస్తుంది.

సమస్య ఇది మన అలవాటు అని తెలియనివాళ్లతో మాట్లాడినప్పుడు వస్తుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ‘టూ గుడ్’ ఒంటరిగా వినపడితే, అవతలివాళ్లు తర్వాతి ముక్క కోసం ఎదురుచూస్తారు. టూ గుడ్ ఫర్ వాట్? ‘టూ గుడ్ టు బీ ట్రూ’ అంటే నమ్మలేనంత బాగుంది, అంటే ఎక్కడో మోసం ఉండొచ్చు. ‘టూ గుడ్ టు మిస్’ అంటే వదులుకోలేనంత మంచి అవకాశం. ‘టూ గుడ్ ఫర్ హిమ్’ అంటే అతనికి అంత తగదు. ఇన్ని దారులున్నప్పుడు, వట్టి ‘టూ గుడ్’ అని ఆపేస్తే మీరు ఏ దారిలో వెళ్లారో తెలియదు. ‘సో గుడ్’, ‘రియల్లీ గుడ్’, ‘ఎక్సలెంట్’ అంటే గొడవే లేదు.

దీనికి ఎదురు సంగతి కూడా చెప్పాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మీ ఆఫీసులో పాట్‌లక్‌కు, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకు, గోంగూర పచ్చడి పట్టుకెళ్లారు. ఒక సహోద్యోగి కాస్త రుచి చూసి “ఇట్స్ టూ స్పైసీ ఫర్ మీ” అన్నాడు. అది పొగడ్త కాదు, నేను తినలేను అని మర్యాదగా చెప్పడం. ఇంకో గరిటె వడ్డించకండి. అదే మనిషి “ఇట్స్ రియల్లీ స్పైసీ!” అన్నాడంటే ఇంకొంచెం తినే అవకాశం ఉంది.

“ఐ యామ్ టూ హ్యాపీ టు జాయిన్ యువర్ కంపెనీ” అని ఆఫర్ లెటర్‌కు జవాబు రాశాను. ఇందులో ఏమైనా తేడా ఉందా?

ఉంది. వెంటనే మార్చుకోవాల్సిన వాక్యం ఇది.

‘టూ’ తర్వాత ‘టు’ వస్తే ఆ రెండూ కలిసి ‘-లేనంత’ అవుతాయి. ‘టూ టైర్డ్ టు టాక్’ అంటే మాట్లాడలేనంత అలసట. ‘టూ యంగ్ టు వోట్’ అంటే ఓటు వేసే వయసు రాలేదు. మన దేశంలో 17 ఏళ్ల అబ్బాయి ‘టూ యంగ్ టు వోట్’. అదే లెక్కన ‘టూ హ్యాపీ టు జాయిన్’ అంటే ‘చేరలేనంత సంతోషంగా ఉన్నాను’ అన్నట్టుంటుంది. చదివినవాళ్లకు మీ ఉద్దేశం అర్థమవుతుంది, నిజమే. కానీ ఒక్క క్షణం ఆగి అర్థం చేసుకోవాల్సి వస్తుంది, మొదటి మెయిల్‌లోనే ఆ అవసరం ఎందుకు? “ఐ యామ్ వెరీ హ్యాపీ టు జాయిన్” అనండి. “ఐ యామ్ డిలైటెడ్ టు జాయిన్” అన్నా బాగుంటుంది. ‘డిలైటెడ్’ ముందు ‘వెరీ’ కూడా అక్కర్లేదు.

‘టూ ఎక్సైటెడ్ టు మీట్ యూ’, ‘టూ ఈగర్ టు లెర్న్’ కూడా ఇదే కోవలోవి. వీటిలో ‘టూ’ తీసేసి ‘వెరీ’ పెట్టండి.

మరి ‘ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్’ అని ఇంగ్లిష్‌వాళ్లే రాస్తారే?

రాస్తారు, అది సరైనదే. ‘ఓన్లీ’ చేరగానే ‘టూ’ హద్దు దాటడం మానేసి ‘ఎంతో’ అన్న అర్థంలోకి మారిపోతుంది. “ఐ వుడ్ బీ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్” అంటే చాలా సంతోషంగా సాయం చేస్తాను. ‘ఓన్లీ టూ గ్లాడ్’, ‘ఓన్లీ టూ విల్లింగ్’ కూడా అంతే. ఈ ‘ఓన్లీ’ని మరిచిపోతే మళ్లీ పై ప్రశ్నలో పడ్డట్టే.

‘ఆల్ టూ’ దీనికి తోబుట్టువు లాంటిది, కానీ దాని నిండా విచారం ఉంటుంది. “ద హాలిడేస్ వర్ ఓవర్ ఆల్ టూ సూన్” అంటే సెలవులు అప్పుడే అయిపోయాయి. మన ‘అప్పుడే’లో ఎంత దిగులుందో ‘ఆల్ టూ సూన్’లోనూ అంత ఉంది. ‘ఆల్ టూ ఆఫెన్’ అంటే జరగకూడనిది తరచూ జరుగుతోందని. మంచి సంగతికి ‘ఆల్ టూ’ వాడరు.

‘టూ… టు’ వాక్యంలో ‘నాట్’ ఎందుకు రాదు?

వద్దు అనే అర్థం ‘టూ’లోనే ఉంది కనక. “షీ ఈజ్ టూ షార్ట్ టు రీచ్ ద షెల్ఫ్” అంటే ఆమెకు అల్మరా అందదు. ‘అందదు’ అన్న మాట ఇంగ్లిష్‌లో ఎక్కడా కనపడదు, అయినా ఉంది. “టూ షార్ట్ నాట్ టు రీచ్” అంటే తలకిందులవుతుంది.

ఒక్కోసారి మాత్రం ‘నాట్’ను కావాలనే పెడతారు. “హీ ఈజ్ టూ క్లెవర్ నాట్ టు నోటీస్” అంటే గమనించకుండా ఉండలేనంత తెలివైనవాడు, అంటే తప్పకుండా గమనిస్తాడు. రెండు వద్దులు కలిసి అవును అయ్యాయి. చదివినప్పుడు గుర్తుపడితే చాలు, రాసేటప్పుడు దీని జోలికి వెళ్లనక్కర్లేదు.

పిల్లలకు గ్రామర్‌లో ‘రిమూవ్ టూ’ అని ఇస్తారు. దాన్ని తేలిగ్గా ఎలా చెప్పాలి?

మన హైస్కూలు గ్రామర్‌లో ఇది పాత చుట్టం. ‘టూ… టు’ ఉన్న వాక్యాన్ని ‘సో… దట్… నాట్’గా మార్చమంటారు. పిల్లలు సూత్రం బట్టీ పట్టి, మార్కులు మాత్రం రెండు చోట్ల పోగొట్టుకుంటారు.

ముందు సూటి వాక్యం. “హీ ఈజ్ టూ వీక్ టు వాక్.” ‘టూ’ పోయి ‘సో’ వస్తుంది, ‘టు’ పోయి ‘దట్’ వస్తుంది, లోపల దాక్కున్న వద్దు బయటికొచ్చి ‘కెనాట్’ అవుతుంది: “హీ ఈజ్ సో వీక్ దట్ హీ కెనాట్ వాక్.” జరిగిపోయిన సంగతైతే ‘కుడ్ నాట్’. “హీ వాజ్ టూ వీక్ టు వాక్” అన్నది “హీ వాజ్ సో వీక్ దట్ హీ కుడ్ నాట్ వాక్” అవుతుంది. ‘వాజ్’ చూసి కూడా ‘కెనాట్’ రాయడం పిల్లలు చేసే మొదటి తప్పు.

రెండోది ఇంకాస్త లోతైనది. “ద బాక్స్ ఈజ్ టూ హెవీ ఫర్ మీ టు లిఫ్ట్.” దీన్ని మారిస్తే “ద బాక్స్ ఈజ్ సో హెవీ దట్ ఐ కెనాట్ లిఫ్ట్ ఇట్.” చివర ‘ఇట్’ వచ్చింది చూడండి. మొదటి వాక్యంలో ఎత్తాల్సినది పెట్టె అని వాక్యం మొదట్లోనే తెలుస్తుంది కనక ‘ఇట్’ అక్కర్లేదు. ‘దట్’ తర్వాత వచ్చేది సొంతకాళ్ల మీద నిలబడే వాక్యం. అందులో దేన్ని ఎత్తలేనో చెప్పాలి. కాబట్టి ‘టూ’ ఉన్నప్పుడు ‘ఇట్’ వదిలేయడం, ‘సో దట్’ వచ్చినప్పుడు ‘ఇట్’ పెట్టడం అలవాటు చేయండి. పిల్లలు సరిగ్గా దీన్ని తిరగేసి “ద టీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్ ఇట్” అంటారు. పెద్దవాళ్లలో కూడా చాలామంది అంటారు.

ఇంట్లో చెప్పేటప్పుడు సూత్రం కంటే తెలుగు బాగా పనికొస్తుంది. ‘ఎత్తలేనంత బరువు’ అని పిల్లాడి చేత అనిపించండి. తర్వాత ‘ఎంత బరువంటే, నేను దాన్ని ఎత్తలేను’ అనిపించండి. మొదటిది ‘టూ’, రెండోది ‘సో దట్’. రెండో వాక్యంలో ‘దాన్ని’ దానంతటదే వచ్చేసింది కదా, అదే ఆ ‘ఇట్’.

“యూ కాంట్ బీ టూ కేర్‌ఫుల్” అంటే మరీ జాగ్రత్త వద్దనా?

సరిగ్గా దానికి వ్యతిరేకం. ఎంత జాగ్రత్తగా ఉన్నా తక్కువే అని అర్థం. జాగ్రత్తకు ‘మరీ ఎక్కువైంది’ అనే హద్దు లేనే లేదు, దాన్ని దాటడం ఎవరివల్లా కాదు అని ఆ వాక్యం చెబుతోంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దనే సందర్భంలో ఇది తరచూ వింటాం.

“ఐ కెనాట్ థాంక్ యూ ఇనఫ్” కూడా ఇదే ఇంటిది. మీకు ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే. ఒకచోట ‘టూ’, ఒకచోట ‘ఇనఫ్’, తెలుగులో రెంటికీ ‘ఎంత చేసినా తక్కువే’.

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా ‘టూ’ దగ్గర పొరపడతారా?

పొరపడతారు, దానికి మంచి సాక్ష్యం ఉంది. లండన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్, షులీ రైక్‌తో కలిసి 1979లో ఒక పరిశోధనా వ్యాసం రాశారు. అందులో చర్చించిన వాక్యం ఇది: “నో హెడ్ ఇంజురీ ఈజ్ టూ ట్రివియల్ టు బీ ఇగ్నోర్డ్.”

చదవగానే ‘ఎంత చిన్న తలగాయమైనా నిర్లక్ష్యం చేయకూడదు’ అని అర్థం చేసుకుంటాం. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లూ అలాగే అర్థం చేసుకుంటారు. కానీ వాక్యం చెబుతున్నది అది కాదు. దీని పక్కన ఇదే అచ్చులో పోసిన ఇంకో వాక్యం పెట్టి చూడండి: “నో మిసైల్ ఈజ్ టూ స్మాల్ టు బీ బ్యాన్డ్.” ఎంత చిన్న క్షిపణి అయినా నిషేధించాల్సిందే. ఇందులో తికమక లేదు. ఇప్పుడు అదే పద్ధతిలో మొదటిదాన్ని చదవండి. ఎంత చిన్న తలగాయమైనా… నిర్లక్ష్యం చేయాల్సిందే!

తెలుగులో ముక్కలు చేస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది. ‘టూ ట్రివియల్ టు బీ ఇగ్నోర్డ్’ అంటే నిర్లక్ష్యం చేయడానికి వీల్లేనంత చిన్నది. ఆ ముక్కకే అర్థం లేదు. గాయం ఎంత చిన్నదైతే నిర్లక్ష్యం చేయడం అంత సులభం కదా. ‘నో’ ఒకటి, ‘టూ’లో దాక్కున్న వద్దు ఒకటి, ‘ఇగ్నోర్’లో ఉన్న వద్దు ఇంకొకటి. మూడు కలిసేసరికి మన బుర్ర లెక్క వదిలేసి, లోకజ్ఞానంతో సరైన అర్థాన్ని తనే నింపుకుంటుంది. డాక్టర్లు ఏం చెబుతారో మనకు ముందే తెలుసు కనక అదే వినపడుతుంది.

మన పనికి దీనివల్ల వచ్చే సలహా ఒకటే. సేఫ్టీ నోటీసులో, కాంట్రాక్టులో, మందుల సూచనలో ‘నో… టూ… టు’ కట్టు వాడొద్దు. “డూ నాట్ ఇగ్నోర్ ఎనీ హెడ్ ఇంజురీ” అని సూటిగా రాయండి.

ఆఫీసు మెయిల్‌లో “ద టైమ్‌లైన్ ఈజ్ టూ టైట్” అని రాయొచ్చా?

నిజంగా కుదరదని చెప్పదలిస్తే రాయండి. మనవాళ్ల మెయిల్స్‌లో తరచూ కనిపించే జత ఇది: “ద టైమ్‌లైన్ ఈజ్ టూ టైట్. వుయ్ విల్ డూ అవర్ బెస్ట్.” రాసినవాళ్ల మనసులో ఉన్నది ‘టైమ్ చాలా తక్కువ, అయినా చేసేస్తాం’ అని. చదివిన క్లయింట్‌కు మాత్రం మొదటి వాక్యం ‘కాదు’ అంటోంది, రెండోది ‘ప్రయత్నిస్తాం’ అంటోంది. పని అవుతుందా, కాదా? ఫోన్ చేసి అడగాల్సి వస్తుంది, ఇక ఇద్దరికీ టెన్షన్.

చేయగలిగితే: “ద టైమ్‌లైన్ ఈజ్ వెరీ టైట్, బట్ వుయ్ కెన్ మీట్ ఇట్.” చేయలేకపోతే ‘దేనికి’ అన్నది కూడా కలిపి చెప్పండి: “ఫ్రైడే ఈజ్ టూ సూన్ ఫర్ ఫుల్ టెస్టింగ్. వుయ్ నీడ్ టూ మోర్ డేస్.” (రెండో వాక్యంలోని ‘టూ’ అంకె.) హద్దు ఎక్కడుందో చెప్పారు, ఎంత కావాలో చెప్పారు. అవతలివాళ్లు నిర్ణయం తీసుకోగలరు. మేనేజర్‌కు ‘నో’ చెప్పలేక ‘టూ’ వెనక దాక్కోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. దాన్ని వదులుకుంటే మెయిల్స్ సగానికి తగ్గుతాయని నా గట్టి నమ్మకం.

ఇతరుల పని గురించి రాసేటప్పుడు వట్టి ‘టూ’ గుచ్చుకుంటుంది. ‘యువర్ రిపోర్ట్ ఈజ్ టూ లాంగ్’ అనేకంటే ‘ఎ బిట్ టూ లాంగ్’, ‘ఎ లిటిల్ టూ లాంగ్’ అంటే చెప్పాల్సింది చెప్పినట్టూ ఉంటుంది, నొప్పించకుండానూ ఉంటుంది.

‘టూ’ ముందు ‘వెరీ’ పెట్టొచ్చా? ‘వెరీ టూ హాట్’ లాగా?

కుదరదు. తెలుగులో ‘చాలా మరీ వేడి’ అనం కదా, అలాగే. హద్దు బాగా దాటిందని చెప్పాలంటే ‘ఫార్ టూ’, ‘మచ్ టూ’, మాట్లాడేటప్పుడు ‘వే టూ’. కొంచెమే దాటిందంటే ‘ఎ బిట్ టూ’, ‘స్లైట్లీ టూ’.

ఎంత దాటిందో కొలిచి కూడా చెప్పొచ్చు. చొక్కా రెండు సైజులు పెద్దదైతే ‘టూ సైజెస్ టూ బిగ్’. ఇక్కడ మొదటి ‘టూ’ అంకె, రెండోది మన మాట. వీడియో పది నిమిషాలు ఎక్కువైతే ‘టెన్ మినిట్స్ టూ లాంగ్’. కుర్చీలు ఒకటి ఎక్కువైతే ‘వన్ టూ మెనీ’. కొలత ఎప్పుడూ ‘టూ’ కంటే ముందే రావాలి.

‘టూ మచ్ హాట్’, ‘టూ మచ్ కాస్ట్‌లీ’ అంటే ఏమవుతుంది?

తప్పవుతుంది. గుణం చెప్పే మాట ముందు ‘టూ’ ఒక్కటే చాలు: ‘టూ హాట్’, ‘టూ కాస్ట్‌లీ’. ‘టూ మచ్’ తర్వాత వస్తువు పేరు రావాలి: ‘టూ మచ్ హీట్’, ‘టూ మచ్ సాల్ట్’, ‘టూ మచ్ ట్రాఫిక్’. మాటల మధ్యలో ‘నువ్వు టూ మచ్ చేస్తున్నావ్’ అనడం వేరు, అది తెలుగు అయిపోయింది. దాన్ని ఎవరూ దిద్దనక్కర్లేదు.

‘టూ మచ్’, ‘టూ మెనీ’ల మధ్య తేడాకు మన భాషే దారి చూపిస్తుంది. ‘ఎన్ని’ అని అడిగేవాటికి ‘మెనీ’, ‘ఎంత’ అని అడిగేవాటికి ‘మచ్’. ఎన్ని బండ్లు? టూ మెనీ వెహికల్స్. ఎంత పొగ? టూ మచ్ స్మోక్. కొన్ని చోట్ల మాత్రం ఇది మోసం చేస్తుంది. ‘డబ్బులు ఎన్ని’ అంటాం, ఇంగ్లిష్‌లో ‘టూ మచ్ మనీ’. ‘సామాన్లు ఎన్ని’ అంటాం, అక్కడ ‘టూ మచ్ లగేజ్’. ‘ఫర్నిచర్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘అడ్వైస్’ కూడా ‘మచ్’ వైపే.

‘ఎ టూ బిగ్ హౌస్’ అనొచ్చా?

అనకూడదు. ‘టూ బిగ్ ఎ హౌస్’ అనాలి. గుణం ముందుకొచ్చి ‘ఎ’ వెనక్కి జరుగుతుంది: “ఇట్స్ టూ గుడ్ ఎన్ ఆఫర్ టు రిఫ్యూజ్”, “దట్స్ టూ బిగ్ ఎ రిస్క్.” ఇది కాస్త పుస్తకాల భాషలా అనిపిస్తే “ద హౌస్ ఈజ్ టూ బిగ్” అనేస్తే సరిపోతుంది. బహువచనానికి, లెక్కపెట్టలేనివాటికి ఈ కట్టు పనికిరాదు. ‘టూ హాట్ వాటర్’ అనరు, ‘ద వాటర్ ఈజ్ టూ హాట్’ అంటారు.

‘టూ’కి, ‘ఇనఫ్’కి సంబంధం ఏమిటి?

హద్దుకు అటొకటి, ఇటొకటి. ‘ఇనఫ్’ అంటే సరిపడా అందింది, ‘టూ’ అంటే దాటింది. ‘నాట్ ఓల్డ్ ఇనఫ్’ అన్నా ‘టూ యంగ్’ అన్నా చేరేది ఒకే చోటికి. మారేది మాటల వరస. ‘టూ’ గుణానికి ముందు, ‘ఇనఫ్’ గుణానికి తర్వాత. ‘ఇనఫ్ ఓల్డ్’ అనడం మన దగ్గర బాగా కనిపించే తప్పు.

“నాట్ టూ బ్యాడ్” అంటే బాగుందనా, బాగాలేదనా?

ఫర్వాలేదు, బాగానే ఉందని. ‘నాట్’ తర్వాత ‘టూ’ మెత్తబడి దాదాపు ‘వెరీ’ అయిపోతుంది. “ఐ యామ్ నాట్ టూ ష్యూర్” అంటే అంత కచ్చితంగా తెలియదు. తెలుగులోనూ ఇంతే. ‘మరీ అంత బాగా ఏం లేదు’ అన్నప్పుడు ‘మరీ’ హద్దు గురించి మాట్లాడటం లేదు, కాదన్న మాటను కొంచెం మెత్తగా చేస్తోంది. బ్రిటిష్‌వాళ్లు “ఐ యామ్ నాట్ టూ హ్యాపీ విత్ దిస్” అంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మెత్తగా చెప్పినా అది గట్టి అసంతృప్తే.

‘కూడా’ అన్న అర్థంలో వచ్చే ‘టూ’ వేరే మాటా?

స్పెల్లింగ్, పలికే తీరు రెండూ ఒకటే, పని వేరు. పాత ఇంగ్లిష్‌లో ‘వైపు’, ‘అదనంగా’, ‘మితిమీరి’ అనే అర్థాలన్నీ ఒకే మాట మోసేది. నొక్కి పలికే రూపానికి ఇంకో ‘ఓ’ చేర్చి విడిగా రాయడం 16వ శతాబ్దంలో వచ్చింది. జర్మన్‌లో ఇప్పటికీ ‘వైపు’కు, ‘మరీ’కి ఒకటే మాట ‘ట్సూ’. మన లిపిలో పొట్టి ‘టు’, పొడుగు ‘టూ’ వేరుగా రాస్తాం కనక ఇంగ్లిష్‌లో ఒక ‘ఓ’, రెండు ‘ఓ’ల తేడాను గుర్తుంచుకోవడం మనకు కష్టం కాకూడదు. అంకె ‘టూ’ పలకడంలో దీని లాగే ఉంటుంది, కానీ దాని స్పెల్లింగ్‌లో పలకని ‘డబ్ల్యూ’ ఉంటుంది.

వాడకంలో రెండు విషయాలు చూసుకోవాలి. కాదన్న వాక్యంలో ఈ ‘టూ’ రాదు, ‘ఐదర్’ వస్తుంది. “ఐ డోంట్ లైక్ కాఫీ” అని ఒకరంటే, “ఐ డోంట్ లైక్ ఇట్ ఐదర్” అనాలి. ‘మీ టూ’ అని కాకుండా ‘మీ నైదర్’ అనాలి. రెండోది, వాక్యం చివర పెట్టిన ‘టూ’ దేనికి అంటుకుందో రాతలో తెలియదు. “రవి బాట్ మ్యాంగోస్ టూ” అంటే రవి కూడా మామిడిపళ్లు కొన్నాడా? రవి మామిడిపళ్లు కూడా కొన్నాడా? తెలుగులో ‘కూడా’ను జరిపితే చాలు, అర్థం తేలిపోతుంది. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ‘రవి’ని నొక్కో, ‘మ్యాంగోస్’ను నొక్కో చెబుతారు. రాతలో ఆ సౌకర్యం లేదు. అందుకే “రవి ఆల్సో బాట్ మ్యాంగోస్” అన్నా చాలదు, “రవి, టూ, బాట్ మ్యాంగోస్” అని కామాలు పెట్టో, వాక్యం మార్చో రాయాలి. చివర వచ్చే ‘టూ’ ముందు కామా పెట్టడం తప్పనిసరి కాదు.

ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షల వ్యాసాల్లో ‘ఆల్సో’ వాడటం మంచిది. వాక్యాన్ని ‘టూ’తో మొదలుపెట్టి ‘అంతేకాదు’ అన్న అర్థం తెప్పించాలని చూడకండి.

‘టూ బెటర్’ అనొచ్చా?

వద్దు. పోలిక చెప్పే మాటల ముందు ‘టూ’ రాదు. ‘మచ్ బెటర్’, ‘ఫార్ బెటర్’, ‘ఎ లాట్ వర్స్’ అనాలి.

అమెరికాలో పిల్లలు “ఐ డిడ్ టూ!” అని అరుస్తుంటారు. అదేమిటి?

ఎదుటివాళ్లు “యూ డిడ్ నాట్!” అన్నదానికి జవాబు. నేను చేశాను, చేశానంటే చేశాను, అంతే. ఇక్కడ ‘టూ’కి ‘కూడా’తోనూ, ‘మరీ’తోనూ పని లేదు. కాదన్నదాన్ని గట్టిగా తిప్పికొట్టడానికే వస్తుంది. అక్కడ పెరుగుతున్న మన పిల్లలు “హోంవర్క్ చేయలేదు కదా?” అంటే “ఐ డిడ్ టూ!” అంటారు. అమ్మమ్మలూ తాతయ్యలూ దాన్ని ‘నేను కూడా చేశాను’ అని అర్థం చేసుకుని, “ఇంకెవరు చేశారు?” అని అడగనక్కర్లేదు. హోంవర్క్ అయిపోయిందనే పిల్లాడు చెబుతున్నాడు.